పటము, కథకుడు, కులము: చిత్రింపబడినవారి పరీక్షాధికారము

ఒక కులమును గూర్చి గాని, తెగను గూర్చి గాని, మతమును గూర్చి గాని దానికి వెలుపలివాడు గ్రంథము వ్రాసినప్పుడు, ఆ వ్రాతలోని యుక్తాయుక్తములను నిర్ణయింపవలసినవారెవరు? పండితులా, సామాన్య పాఠకులా, లేక ఎవరిని గూర్చి వ్రాయబడినదో ఆ జనులా? ఇటీవలి కాలమున పాశ్చాత్య ప్రకాశకులు కొందరు, అచ్చునకు ముందే వ్రాతప్రతిని ఆయా సమాజములకు చెందినవారిచే చదివించి వారి అభిప్రాయమును తెలిసికొనుచున్నారు. ఇట్లు చదువువారిని ‘సెన్సిటివిటీ రీడర్లు’ అందురు. మనము వారిని ‘స్వజన పరీక్షకులు’ అనవచ్చును. ఈ పద్ధతి సర్వథా నూతనమని పలువురి తలంపు. కాని దీని మూలసూత్రము తెలంగాణమునందలి పటము కథల సంప్రదాయమున చిరకాలము అమలులో నుండెను. చేర్యాల పటముల నాధారముగా గొని ఆ విధానమును, దాని బలమును, దానిలోని లోపమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

చేర్యాల పూర్వము వరంగల్లు జిల్లాలో నుండెను. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనమున సిద్దిపేట జిల్లాలో చేరినది. ఇచటి నకాశీలు వంశపారంపర్యముగా పటములు వ్రాయువారు. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగట, తుమ్మబంక కలిపి పూసి, ఆరిన పిమ్మట దానిపై ఎఱ్ఱని నేపథ్యమున కథను వరుసగా అడ్డపట్టెలలో చిత్రింతురు. సుమారు మూడడుగుల వెడల్పు గల పటము నలువది, ఏబది అడుగుల పొడవు వఱకు సాగుట కలదు. మొదటి పట్టెలో వినాయకుడు సాక్షాత్కరించును. తరువాత కథ నడచును.

ఈ పటములు గృహాలంకారమునకై పుట్టినవి కావు. ఇవి కులపురాణములను గానము చేయు ఆశ్రిత కులములవారి పనిముట్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారును, ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారును, గౌడులకు గౌడ పురాణమును గౌడజెట్టీలును, మాదిగలకు జాంబపురాణమును డక్కలివారును వినిపింతురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు మాత్రము పటమునకు బదులు రంగులద్దిన కొయ్యబొమ్మలను నిలిపి కథ నడపుదురు. ఏ గ్రామముపై ఏ కుటుంబమునకు హక్కో ఆశ్రితులలో ఏర్పాటుండెడిది. ఆ హక్కును బట్టి వారు దాతృకులమునుండి త్యాగము స్వీకరింతురు.

ఇందు గమనింపదగిన విశేషము శ్రమవిభాగము. చిత్రించు నకాశీ దాతృకులమునకు చెందినవాడు కాడు, కథకుడును కాడు. గౌడుల మూలపురుషుని వ్రాయవలెనన్నను, జాంబవుని వ్రాయవలెనన్నను అతడు వెలుపలివాడే. అందుచే కథకుడు వచ్చి కథాక్రమమును, ఘట్టములను, ముఖ్యపాత్రల లక్షణములను చెప్పవలెను. ఆ మాటను రేఖగా మార్చుట నకాశీ నేర్పు. అట్లు సిద్ధమైన పటము శాస్త్రోక్తముగా పూజింపబడి కథకుని చేతికి వచ్చును. పిమ్మట అది ఏ కులముదో ఆ కులము నడుమనే విప్పబడును. ఆ శ్రోతలు బాల్యమునుండి ఆ కథను వినుచున్నవారు. త్యాగమిచ్చువారును వారే. తమ కులదైవమును కించపఱచిన పటమునకు ఆదరముండదు. ఇట్లు ఒక కులమును గూర్చిన రచన రెండు పరీక్షలకు లోనగుచున్నది: చిత్రణకు ముందు కథకుని పరీక్ష, చిత్రణానంతరము కులసభ పరీక్ష. పటము జీర్ణించినప్పుడు దానిని నదిలో నిమజ్జనము చేయు ఆచారమును బట్టి, అది ఆ సమాజమునకు వస్తువు కాక సభ్యునివంటిదని తెలియుచున్నది.

అయితే ఈ విధానమును నిర్దుష్టమని కీర్తించుట చరిత్రకారునకు తగదు. ఇందలి పరీక్షాధికారము ద్రవ్యమును వెంబడించి నడచినది. త్యాగమిచ్చు కులము తన ప్రతిష్ఠను కాపాడుకొనగలిగెను. కాని కథలో వచ్చు ఇతరులకు, అనగా శత్రువులకు, దాసీలకు, తక్కువవారుగా భావింపబడినవారికి, ఆ సభలో నోరు లేదు. చేర్యాల సంప్రదాయమున దేవతలకు నీలము, పసుపు, మనుష్యులకు గులాబి చాయలు, రాక్షసులకు గోధుమ, నలుపు ఛాయలు వాడుట కలదు. ఈ వర్ణనియమములోనే ఒక తీర్పు దాగియున్నది. ఆ తీర్పునకు లోనైనవారిని అడిగినవారెవరు? జాంబపురాణమును కాపాడుచున్న డక్కలివారి స్థితి మఱింత విచారణీయము. మాదిగల ఆదిమ గౌరవమును చాటువారు వారే అయినను, ఆ మాదిగలే వారిని తమకంటె తక్కువవారిగా చూచిరి. గౌరవమును గానము చేసినవానికి గౌరవము దక్కలేదు. సిద్దిపేట మగ్గములపై ప్రసిద్ధమైన గొల్లభామ చీర సంగతియు నిట్టిదే. తలపై కుండ నిడుకొన్న గొల్లపడుచు రూపమును ఇంపుగా నేయువారు నేతగాండ్రు, కట్టువారు వేఱు స్త్రీలు. అందు నింద యేమియు లేదు. కాని మెచ్చుకొని చిత్రించినను, చిత్రింపబడినవారి సమ్మతి లేకయే రూపము వాడుకలోనికి వచ్చునని ఇది చూపుచున్నది.

ఇరువదవ శతాబ్దమున దాతృకులముల ఆదరము క్రమముగా సన్నగిల్లెను. సినిమా మొదలగు వినోదములు వచ్చినవి. నకాశీలు బ్రదుకుతెరువుకై పొడవైన పటమును విడిచి, గోడకు తగిలించు చిన్న చిత్రములను వ్రాయసాగిరి. కళ నిలిచినది. కాని కొనువాడు మాఱినాడు. పూర్వము కొనిపించువాడే చిత్రింపబడినవాడు. ఇప్పటి కొనుగోలుదారునకు ఆ చిత్రములోని కులముతో సంబంధము లేదు. తప్పు వ్రాసినను అతనికి తెలియదు. రంగులు, రేఖలు యథాతథముగానున్నను పరీక్షించు కన్ను తొలగిపోయినది.

అచ్చుగ్రంథములు మొదటినుండియు ఈ స్థితిలోనే యుండెను. థర్‌స్టన్, రంగాచారులు 1909లో ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణభారత కులముల గ్రంథమును, సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యపు కులములపై వెలువరించిన గ్రంథమును పరిశోధకులు నేటికిని సంప్రదించుచున్నారు. థర్‌స్టన్ జనుల తలలను, ముక్కులను కొలిపించెను. కాని ఆంగ్లమున వ్రాయబడిన ఆ పుటలను చదివి దిద్దగల అవకాశము వారిలో అత్యధికులకు లేదు. సృజనాత్మక సాహిత్యమునను ఇట్టిదే. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ సానుభూతితో వ్రాయబడినదే. దానిని పరీక్షించి నిషేధించినది మద్రాసు ప్రభుత్వము గాని మాలపల్లె కాదు. 1941లో జాషువగారి ‘గబ్బిలము’ వచ్చినప్పుడు, అంతవఱకు చిత్రింపబడుచున్నవాడే కలము పట్టినాడు. వెలుపలివారి రచన యెంత ఉదారమైనను దానికిని దీనికిని గల భేదము పాఠకులకు విదితమే.

స్వజన పరీక్ష రచయిత స్వాతంత్ర్యమును హరించునను ఆక్షేపమున్నది. అది త్రోసివేయదగినది కాదు. 2023 ఫిబ్రవరిలో రోల్డ్ డాల్ బాలసాహిత్యమును ప్రకాశకులు దిద్ది వెలువరింపగా వివాదము చెలరేగెను. తుదకు వారు మూలపాఠమును గూడ ముద్రించెదమని ప్రకటించిరి. గతించిన రచయిత పాఠమును మార్చుట వేఱు, వ్రాయుచున్న రచయితకు సలహా నిచ్చుట వేఱు. అట్లే రాజ్యము చేయు నిషేధము వేఱు, జనులు చెప్పు అభ్యంతరము వేఱు. కులసభయు సత్యమును మఱుగుపఱపవచ్చును. తన పురాణములోని అప్రియమైన ఘట్టమును తీసివేయుమని కోరవచ్చును.

ఈ చిక్కునకు మన శాఖలలోనే ఒక మార్గమున్నది. తాళపత్ర ప్రతులను పరిష్కరించునప్పుడు మనము పాఠభేదములను చెఱిపివేయము, అధోజ్ఞాపికలో నిలుపుదుము. అట్లే ఒక సమాజమును గూర్చిన పరిశోధనాధ్యాయమును, సమర్పణమునకు ముందు, ఆ కథకులకును ఆ కులమువారికిని వారికి తెలిసిన మాటలలో చదివి వినిపింపవలెను. వారి అభ్యంతరము సమంజసమైనచో దిద్దవలెను. సమంజసము కాదని తోచినచో దానిని పాఠభేదమువలె గ్రంథమున చేర్చి, తన నిర్ణయమునకు కారణము చెప్పవలెను. దాతలను మాత్రమే కాక డక్కలివంటి ఆశ్రితులను, స్త్రీలను, కథలో ప్రతిపక్షముగా నిలిచినవారిని గూడ అడుగవలెను. వినినందుకు వారి శ్రమకు తగిన ప్రతిఫలమీయవలెను. పటము కథకులకు త్యాగమిచ్చు మర్యాద మన గ్రామములకు తెలిసినదే.

1958లో వెలువడిన బిరుదురాజు రామరాజుగారి జానపద గేయ సాహిత్య పరిశోధనముతో జనుల నోటి మాటకు విశ్వవిద్యాలయమున పీఠము లభించెను. మాటను గైకొన్న విశ్వవిద్యాలయము, ఆ మాటపై తాను వ్రాసినదానిని మఱల ఆ జనులకు వినిపించుట న్యాయము. చేర్యాల నకాశీ వెలుపలివాడయ్యును గౌడుల కథను, మాదిగల కథను వ్రాయగలిగెను. వినిన పిమ్మట వ్రాయుట, వ్రాసిన పిమ్మట వారి నడుమ విప్పుట అనునవే అతనికి ఆ యోగ్యతను చేకూర్చినవి. పరిశోధకునకును అంతకు మించిన యోగ్యతాపత్రము లేదు.