పటిక మడ్డి - ఒక "ఫేజ్ టూ" కథ

చిన్నప్పుడు వానాకాలంలో గోదావరి నీళ్ళు ఎర్రగా వచ్చేవి. మా అమ్మమ్మ పటిక ముక్క తీసుకుని బిందెలో నాలుగు తిప్పులు తిప్పేది (అంతకు ముందు తరం వాళ్ళు చిల్లగింజ అరగదీసేవాళ్ళట). కాసేపటికి పైన తేట నీళ్ళు, అడుగున మడ్డి. తేట నీళ్ళు వేరే బిందెలోకి వంచుకుని, మడ్డి తీసుకెళ్ళి అరటిచెట్టు మొదట్లో పారబోసేది. అక్కడితో దాని సంగతి అందరం మర్చిపోయేవాళ్ళం.

ఊరంతటికీ ఇదే పని చేసేది వాటర్ ట్రీట్‌మెంట్ ప్లాంటు. తేడా ఏమిటంటే అక్కడ అరటిచెట్టు ఉండదు. మరి ఆ మడ్డి అంతా ఎక్కడికి పోతుంది?

ముందు ఆ మడ్డి ఏమిటో చూద్దాం. నీళ్ళలో పడిన పటిక, అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే జిగురు తునకలుగా మారుతుంది. అవి ఒండ్రునీ, సూక్ష్మజీవుల్నీ చుట్టుకుని అడుగుకి దిగుతాయి. చిక్కేమిటంటే, నీళ్ళని కూడా వదలకుండా పట్టుకుంటాయి. ట్యాంకు అడుగున తీసిన బురదలో గట్టి పదార్థం నూటికి ఒకటి రెండు పాళ్ళే. మిషన్లు పెట్టి పిండినా ఇరవై, ముప్ఫై పాళ్ళకి వస్తే గొప్ప. అంటే లారీ ఎక్కించేది ముప్పాతిక వంతు నీళ్ళే! అందుకే చాలా ఊళ్ళు తేలిక దారి పట్టాయి. పక్కన నది ఉందిగా..

వాషింగ్టన్ డీసీ సంగతే చూడండి (మనవాళ్ళు చాలామంది ఉండే ఆర్లింగ్టన్ తాగేదీ ఆ నీళ్ళే). అక్కడ 1905లో ఇసుక ఫిల్టర్లు వచ్చాయి, 1928లో డేల్‌కార్లియా ప్లాంటు వచ్చింది. నడిపేది ఆర్మీ ఇంజనీర్లు. నీళ్ళు తీసుకునేది పొటోమాక్ నది నుంచి, ట్యాంకులు కడిగిన బురద వదిలేదీ ఆ నదిలోకే. "నది మట్టి నదికే ఇస్తున్నాం కదా" అనొచ్చు. కానీ నది నెలల తరబడి మోసుకొచ్చిన ఒండ్రుని, పటికతో సహా, కొన్ని గంటల్లో ఒకేచోట కుమ్మరిస్తే అది పాత మట్టి ఎలా అవుతుంది?

1972లో అమెరికా పార్లమెంటు క్లీన్ వాటర్ యాక్ట్ చేసింది. ఎక్కడ? ఆ ఊళ్ళోనే, ఆ నీళ్ళు తాగుతూనే :). అయినా బురద నదిలోకి పోతూనే ఉంది. 2003లో పర్మిట్ గట్టిగా బిగించాకే కదలిక వచ్చింది. బురదని పిండి లారీల్లో తరలించే ప్లాంటు 2012కి గానీ తయారవలేదు. చట్టానికీ అమలుకీ మధ్య నలభై ఏళ్ళు!

టెక్నాలజీ లేకనా? కాదండీ. బురదలో యాసిడ్ పోసి పటికని వెనక్కి రాబట్టే పద్ధతికి అమెరికాలో 1903లోనే పేటెంట్ ఉంది. దాని ఇబ్బందులు దానికున్నాయి (యాసిడ్ పటికతో పాటు చెత్తని కూడా కరిగిస్తుంది). కానీ పారబోయడం ఉచితం అయినప్పుడు, ఆ ఇబ్బందులు తీర్చాలని ఎవరికుంటుంది? హాలెండ్‌లో మాత్రం నీళ్ళ కంపెనీలన్నీ కలిసి 1995లో ఇలాంటి మిగులు సరుకు అమ్మడానికే ఒక సంస్థ పెట్టుకున్నాయి. వాళ్ళ బోరు నీళ్ళలోంచి వచ్చే ఇనుప మడ్డి బయోగ్యాస్ ప్లాంట్లలో కుళ్ళు వాసన గ్యాసుని పట్టేయడానికి పనికొస్తోంది.

పటిక మడ్డికీ ఒక గుణం ఉంది. అది భాస్వరాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. అమ్మమ్మ పోసిన చెంబెడు మడ్డి అరటిచెట్టుని ఏమీ చెయ్యలేదు గానీ, పొలంలో లారీల కొద్దీ వేస్తే పైరుకి భాస్వరం అందదు. అదే గుణం మురుగునీటి దగ్గర వరం. చెరువుల్లో నాచు, గుర్రపుడెక్క పెరగడానికి కారణాల్లో భాస్వరం ఒకటి కదా. డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు ఈ మడ్డినే పరిచి, పైన రెల్లు పెంచి, మురుగునీటిని శుభ్రం చేసి చూపించారు. ఇటుకల మట్టిలో కొంత కలపొచ్చు, మరీ ఎక్కువైతే ఇటుక బలం తగ్గుతుంది.

మన ప్రాజెక్టుల్లో "ఇది ఫేజ్ టూలో చూద్దాం లెండి" అని పక్కన పెట్టే పనులుంటాయి చూడండి, ఈ మడ్డి అలాంటిదే. ఆ ఫేజ్ టూ ఎప్పుడూ రాదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు? అందుకే మీ ఊరికి కొత్త మంచినీళ్ళ పథకం అన్నప్పుడు, నీళ్ళు ఎన్ని వస్తాయో అడిగి ఊరుకోకండి. మడ్డి ఎక్కడికి పోతుందో, దానికి ఎస్టిమేట్‌లో డబ్బులు రాశారో లేదో కూడా అడగండి.