పెరట్లో గన్నేరు: నాటేముందు తెలుసుకోవాల్సినవి

ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పెరిగే మొక్కలను బహువార్షికాలంటారు. మందారం, మల్లె, గన్నేరు ఈ కోవలోవే. ఇవి చాలాకాలం ఇంట్లోనే ఉంటాయి కాబట్టి పూల అందంతో పాటు మొక్క గుణాన్నీ చూసి ఎంచుకోవాలి.

గన్నేరు ఎండకు, నీటి ఎద్దడికి తట్టుకుంటుంది. పశువులు సాధారణంగా మేయవు. అందుకే పెరళ్లలోనూ, హైవే డివైడర్లపైనా కనిపిస్తుంది. కానీ ఆకు, పువ్వు, కాండం, వేరు అన్నీ విషమే. వాటిలోని కార్డియాక్ గ్లైకోసైడ్లు గుండె లయను దెబ్బతీస్తాయి. ఆకు ఎండినా విషం పోదు. పచ్చ గన్నేరు వేరే జాతి అయినా అంతే ప్రమాదకరం.

2024లో కేరళలో ఒక యువతి మృతికి గన్నేరు ఆకు నమలడమే కారణమన్న అనుమానం వచ్చింది. దాంతో ట్రావెన్‌కోర్, మలబార్ దేవస్వం బోర్డులు తమ ఆలయాల్లో నైవేద్యం, ప్రసాదాల్లో ఈ పూల వాడకాన్ని ఆపేశాయి.

చిన్నపిల్లలు, పశువులు ఉన్న ఇంట్లో మందారం మేలు. కొమ్మ నాటితే బతుకుతుంది. రోజుకు 5-6 గంటల ఎండ, నీరు నిలవని నేల చాలు. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి చల్లాలి.

గన్నేరు ఇప్పటికే ఉంటే గ్లౌజులు వేసుకుని కత్తిరించాలి. కొమ్మలను కాల్చకూడదు, పొగ కూడా హానికరమే. ఆకులు పశువుల మేతలో కలవకుండా చూడాలి. ఎవరైనా నమిలితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి, తిన్నది గన్నేరని వైద్యులకు చెప్పాలి.