కాగితం కోసం చేసిన తూటా

రాత్రి పదకొండు దాటింది. కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా రుద్రంగి వైపు పోయే రోడ్డు దిగి, బండ్లబాట పట్టి మక్క చేను గట్టుకు చేరారు మీరు. సెప్టెంబరు నెల. కంకి పాలు పోసుకుని గట్టిపడుతోంది. దాని నీడలో పసుపు ఏపుగా ఎదిగింది. మక్కనూ పసుపునూ ఒకే చేన్లో వేయడం జగిత్యాల పల్లెల్లో పాత అలవాటు. అందుకే పందుల మంద ఒక్క రాత్రి దూరితే రెండు పంటలు దెబ్బతింటాయి. కంకి కోసం కర్రను పడగొడతాయి, మట్టిలో పురుగుల కోసం పసుపు బోదెలను తవ్విపోస్తాయి.

చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. ఓ మూల మైకులో కుక్కల అరుపులు ఆగకుండా మోగుతున్నాయి. "మొదట్ల బెదిరినయ్ సారూ. ఇప్పుడు ఆ మైకు పక్కపొంటే అస్తున్నయ్" అంటాడు మంచె కింద గొంగడి కప్పుకుని కూచున్న ముసలి రైతు.

నిచ్చెనెక్కి మంచె మీదికి వస్తారు. పైన రైఫిల్‌తో షూటరు, అతని పక్కన హైదరాబాద్ రేంజిలో సాధన చేసే కుర్రాడు. కింద అటవీశాఖ బీట్ ఆఫీసరు, ఆయన సంచిలో అనుమతి పత్రం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. అయితే మనుషుల ప్రాణాలకో, చేలో నిలిచిన పైరుకో ముప్పుగా మారిన జంతువును చంపేందుకు 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతించవచ్చు. ఆ పత్రం లేకపోతే ఈ మంచె మీద ఉన్నవాళ్లంతా దొంగవేటగాళ్లే. ఎదురుగా కనిపించే గుట్టల అవతల రాజన్న సిరిసిల్ల జిల్లా. 2016 అక్టోబరు 11న గీసిన ఆ సరిహద్దు పందికి తెలియదు. పత్రం పట్టుకున్నవాళ్లకు తెలియాలి.

కుర్రాడు అరచేతిలో రెండు తూటాలు పెట్టి టార్చి వేస్తాడు. వంగి చూడండి. ఒకటి రాగి రంగులో నిగనిగలాడుతోంది, కొన సన్నగా సాగి ఉంది, ఆ కొసన కంటికి ఆనీ ఆనని రంధ్రం. అది పోటీల్లో వాడే మ్యాచ్ తూటా. రెండోదానికి మొన దగ్గర రాగి తొడుగు ఆగిపోయి బూడిదరంగు సీసం బయటికి కనిపిస్తోంది. మెత్తమొన తూటా, షూటర్లు సాఫ్ట్ నోస్ అంటారు.

"అన్నా, ఇది ఎక్కడ చూస్తే అక్కడ తగుల్తది. ఇదే వేద్దాం" అంటాడు కుర్రాడు మొదటిది చూపిస్తూ.

"అది కాగితానికి తమ్మీ" అంటాడు షూటరు, చూపు చేను మీది నుంచి తిప్పకుండానే.

గొంతు తగ్గించి అతను చెప్పేది వినండి. మ్యాచ్ తూటాకు రాగి తొడుగును అడుగు నుంచి మొన వైపు లాగి మూస్తారు. అడుగు ఏ వంకా లేకుండా ఉంటేనే గురి నిలుస్తుంది. అలా మూయగా మిగిలిపోయిందే కొసన ఉన్న ఆ రంధ్రం, విచ్చుకోవడానికి పెట్టింది కాదు. యుద్ధంలో ఇలాంటి తూటా వాడొచ్చా అన్న ప్రశ్న వచ్చినప్పుడు 1990లో అమెరికా సైన్యం న్యాయ విభాగం ఈ కారణంతోనే వాడొచ్చని తేల్చింది. మ్యాచ్‌కింగ్ తూటాలు చేసే సియెర్రా కంపెనీ కూడా వాటిని వేటకు సిఫారసు చేయదు.

కుర్రాడి ఆశకూ అర్థముంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో, పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లు. అక్కడ వెంట్రుకవాసి తేడాకు పతకం పోతుంది. ఇక్కడ పంది వచ్చేది 40 మీటర్ల లోపు. దాని గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు జానెడు. ఆ దూరంలో మామూలు తూటా గురి చాలు. తగిలాక లోపల ఏం చేస్తుందన్నదే లెక్క.

మెత్తమొన మాంసంలో దిగగానే విచ్చుకుని దాదాపు రెట్టింపు వెడల్పవుతుంది. శక్తినంతా లోపలే ఖర్చు చేస్తుంది. మ్యాచ్ తూటా ఎప్పుడెలా నడుస్తుందో చెప్పలేం. విచ్చుకోకపోతే దబ్బనం దిగినట్టు అటు నుంచి ఇటు దూసుకుపోతుంది. ఇంత దగ్గర్లో మగపంది భుజం మీది దళసరి తోలుకో ఎముకకో తగిలి పైపైనే ముక్కలైపోయినా పోవచ్చు. ఎలా జరిగినా పంది అక్కడికక్కడే చావకుండా పరుగెత్తవచ్చు.

ఇందులో ఒక చిత్రముంది. 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో మొన విచ్చుకునే తూటాలు తయారయ్యాయి. మనిషి మీద అంత ఘోరం తగదని 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. జంతువు దగ్గరికొచ్చేసరికి న్యాయం తిరగబడింది. త్వరగా చంపే తూటాయే దయగలది.

పెళపెళమని కర్రలు విరిగిన చప్పుడు. మీ వీపు నిటారవుతుంది. టార్చి వెలుగులో ముందు ఆడపంది, దాని వెనక పిల్లలు. షూటరు వేలు కదలదు. మంద పక్కకు జరిగాక వెనకగా ఒంటరి మగపంది ఆగి ముట్టె ఎత్తుతుంది. మంచె మీది నుంచి గురి కిందికి ఉంది. తప్పినా తూటా మట్టిలో దిగాలి, గుట్ట బండకు తగిలి ఊరి వైపు మళ్లకూడదు. ఒక్క మోత. పంది నాలుగడుగులు వేసి కూలుతుంది.

మీరు దిగబోతే షూటరు చెయ్యి అడ్డం పెడతాడు. కదలిక లేదని తేలేదాకా ఎవరూ మంచె దిగకూడదు. "తెల్లారి నీళ్లు కట్టను అచ్చేది నేనే గద సారూ. దెబ్బ తిన్న పంది చేన్లుంటే నా పేగులు తీస్తది" అంటాడు కింద రైతు. తూటా ఎంపికలో అందరికంటే పెద్ద వాటా ఈయనదే.

బీట్ ఆఫీసరు కొలతలు రాసుకుంటాడు. 39వ సెక్షన్ ప్రకారం ఈ కళేబరం ప్రభుత్వ ఆస్తి. ఊళ్లో పోగులు వేసుకోవడానికి లేదు.

రైతులకు ఒక మాట. పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టకండి, అది పక్క చేను మనిషిని కూడా చంపుతుంది. నష్టం జరిగితే అటవీశాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అనుమతితో వచ్చే షూటర్లకూ ఒక మాట. మీ పతకాల తూటాలను రేంజిలోనే ఉంచి రండి. చేనుకు వచ్చేటప్పుడు మెత్తమొన తెచ్చుకోండి, అది చేతిలో లేని రాత్రి తుపాకీ ఎత్తకండి.