హైదరాబాద్, విశాఖల్లో రవాణా ఆధారిత నగరాభివృద్ధి

రైలు, మెట్రో, బస్సు స్టేషన్లకు నడిచి చేరుకునే దూరంలోనే ఇళ్లు, దుకాణాలు, ఆఫీసులు, బడులు దగ్గరదగ్గరగా ఉండేలా ఊరిని పెంచే పద్ధతిని రవాణా ఆధారిత అభివృద్ధి అంటారు. కారు లేనిదే గడవని శివారు కాలనీలతో నగరం పొలాల మీదికి పాకిపోకుండా ఆపడం దీని ఉద్దేశం. అమెరికా వాస్తుశిల్పి పీటర్ కాల్‌థోర్ప్ 1993లో వెలువరించిన పుస్తకంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. బ్రెజిల్ నగరం కురిటిబా 1974లోనే ప్రత్యేక బస్సు దారులు వేసి, వాటి వెంబడే ఎత్తైన భవనాలను ప్రోత్సహించింది.

పూర్వరంగం

1591లో చార్మినార్ చుట్టూ వెలసిన హైదరాబాద్ మూడు శతాబ్దాల పాటు ప్రధానంగా కాలినడకకు అందే నగరం. సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. 1975లో హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) ఏర్పడింది.

1998 తరువాత

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభంతో ఉద్యోగాలు పడమటికి జరిగాయి, రైలు మాత్రం వెంట రాలేదు. 2003 ఆగస్టు 9న మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, ఉన్న పట్టాలనే వాడుకున్న తెలివైన ఏర్పాటు. అయితే దూరప్రాంత రైళ్లు, గూడ్సు బండ్లు కూడా అదే దారిన నడవడంతో సర్వీసులు తగినన్ని పెరగలేదు.

2006లో జీవో 86 స్థల విస్తీర్ణానికి, కట్టగల అంతస్తుల వైశాల్యానికి మధ్య ఉన్న పరిమితిని తొలగించింది. భవనం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పే నిర్ణయించసాగింది. స్టేషన్ పక్కన ఉన్న స్థలానికీ, ఏ రైలూ లేని శివారు స్థలానికీ దాదాపు ఒకే అవకాశం దక్కింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక కోకాపేట, నార్సింగి వైపు ఆకాశహర్మ్యాలు లేచాయి. అక్కడ సాంద్రత ఉంది, మెట్రో లేదు.

మెట్రో టెండరును 2008లో మేటాస్ సంస్థ దక్కించుకుంది. ప్రభుత్వ సాయం అడగకపోగా, తానే 30,311 కోట్ల రూపాయలు చెల్లిస్తానంది. ఆ లెక్క వెనుక భూముల వ్యాపారం ఉందని ఢిల్లీ మెట్రో అప్పటి అధిపతి ఇ. శ్రీధరన్ ముందే హెచ్చరించారు. మేటాస్ యజమాని కుటుంబానికే చెందిన సత్యం కంప్యూటర్స్‌ కుంభకోణం బయటపడ్డాక, 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కుదిరిన ఒప్పందం 1.85 కోట్ల చదరపు అడుగుల వాణిజ్య నిర్మాణానికి వీలిచ్చింది. పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్ల వద్ద మాల్స్ వచ్చాయి. సామాన్యుడు అద్దెకు ఉండగల ఇళ్లు ఆ లెక్కలో లేకపోవడం ఈ నమూనాలోని పెద్ద లోటు. 2017 నవంబరు 28న మియాపూర్–నాగోల్ మధ్య తొలి భాగం ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ బస్ స్టేషన్లను కలిపే మార్గంతో మొత్తం సుమారు 69 కిలోమీటర్లయింది.

అదే 2017లో కేంద్రం ప్రకటించిన జాతీయ విధానం, స్టేషన్‌కు 500 నుంచి 800 మీటర్ల లోపు అధిక సాంద్రతనూ, అల్పాదాయ వర్గాల ఇళ్లనూ, పాదచారుల బాటలనూ కోరింది.

విశాఖపట్నం

2005లో గాజువాకనూ 32 గ్రామాలనూ, 2013లో భీమిలి, అనకాపల్లినీ కలుపుకొని విశాఖ కూడా హైదరాబాద్ లాగే విస్తరించింది. 2014 విభజన చట్టం ఇక్కడి మెట్రో సాధ్యతను పరిశీలించాలని చెప్పింది. విశాఖ మన్యంలోని పెదబయలుకు రైలు మార్గం లేదు. కొత్తవలస–కిరండూల్ లైను అరకు మీదుగా పోతుంది. ఆసుపత్రికో కాలేజీకో విశాఖ వచ్చే మన్యం వాసులు పాడేరు మీదుగా బస్సులో దిగుతారు. వారు దిగే ఆర్టీసీ కాంప్లెక్స్ బస్ స్టేషన్ చుట్టుపక్కల అందుబాటు అద్దెకు గదులు, హాస్టళ్లు ఉంటే వారికి రెండో బస్సు ఛార్జీ మిగులుతుంది.