థోరియం: పెట్రోమాక్స్ వెలుగు నుంచి అణు ఇంధనం దాకా

1. దీపాల కాలం

థోరియం పేరు మీకు కొత్త కావచ్చు. దాని వెలుగు మాత్రం మన పల్లెలకు పాతదే. కరెంటు రాకముందు రఘునాథపల్లి వంటి ఊళ్ళలో పెళ్ళికైనా, చిందు యక్షగానానికైనా పెట్రోమాక్స్ లైటే ఆధారం. ఆ లైటులో తెల్లగా వెలిగే మాంటిల్‌ను ప్రధానంగా థోరియం ఆక్సైడుతో తయారుచేసేవారు. 1909లో షాంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త తిరువాన్కూరు తీరపు ఇసుకలో థోరియం ఖనిజమైన మోనజైట్‌ను గుర్తించాడు. అప్పటి నుంచి అది మాంటిళ్ళ కోసం విదేశాలకు ఎగుమతి అయింది.

2. అణుయుగం

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ ఇసుక విలువ మారిపోయింది. 1950లో మోనజైట్ శుద్ధి కోసం ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది. మన దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. దీన్ని దృష్టిలో ఉంచుకొని 1954లో హోమీ భాభా మూడు దశల ప్రణాళికను ప్రతిపాదించాడు. మొదటి దశలో సహజ యురేనియంతో విద్యుత్తు, దానితో పాటు ప్లుటోనియం లభిస్తాయి. రెండో దశలో ఆ ప్లుటోనియంతో ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు నడుస్తాయి. మూడో దశలో థోరియం ప్రధాన ఇంధనమవుతుంది.

ఈ ప్రణాళికలో తెలుగు నేలకు ముఖ్యమైన స్థానం ఉంది. మొదటి దశకు కావలసిన ఇంధన కట్టలను 1971లో ఏర్పడిన హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ తయారుచేస్తుంది. భారజలం మణుగూరులో తయారవుతుంది. ఇక మూడో దశకు అవసరమైన మోనజైట్ భీమునిపట్నం వంటి తీరాలలో ఉంది. దేశంలోని సుమారు 1.2 కోట్ల టన్నుల మోనజైట్‌లో దాదాపు 37 లక్షల టన్నులు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నట్లు అంచనా.

3. ఆలస్యానికి కారణం

ఇంత ఖనిజం ఉన్నా థోరియం విద్యుత్తు మన ఇళ్ళకు ఎందుకు రాలేదు? పాలు ఎన్ని ఉన్నా తోడు వేయనిదే పెరుగు కాదు. అలాగే థోరియం తనంతట తాను గొలుసు చర్యను నడపలేదు. అది న్యూట్రాన్‌ను గ్రహించి, క్రమంగా యురేనియం-233గా మారాలి. ఆ న్యూట్రాన్లను మొదట యురేనియం గానీ ప్లుటోనియం గానీ అందించాలి. అంటే ముందు రెండు దశలు ఎంత ముందుకు సాగితే మూడో దశ అంత దగ్గరవుతుంది. 1996లో కల్పాక్కంలో మొదలైన కామిని రియాక్టరు యురేనియం-233తో నడుస్తుంది. కాని దాని సామర్థ్యం 30 కిలోవాట్లే. అది పరిశోధనకు ఉద్దేశించినది.

కాబట్టి థోరియాన్ని యురేనియం స్థానంలో వెంటనే వాడగల ఇంధనంగా భావించకండి. ఖనిజ సంపద ఉండటం వేరు, దాన్ని శక్తిగా మార్చుకోగలగడం వేరు. ఈ రెండింటి మధ్య దూరమే భారత థోరియం చరిత్ర.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మూడు దశల ప్రణాళికకు దారితీసిన పరిస్థితులేవి?
2. మొదటి రెండు దశలు లేకుండా మూడో దశ ఎందుకు సాధ్యం కాదు?