దూలానికీ దూలానికీ నడుమ: సీమ మిద్దెల కొలతల చరిత్ర

కర్నూలు, కడప ప్రాంతాల పల్లెల్లో ఇంటి పరిమాణాన్ని అంకణాల్లో చెప్పుకోవడం పాత ఆనవాయితీ. అంకణమంటే ఇంటి కప్పును మోసే రెండు దూలాల నడుమ, లేదా గోడకూ దూలానికీ నడుమ ఉండే ఎడం. ఐదంకణాల మిద్దె అన్నప్పుడు వినేవారికి ఆ ఇంటి పొడవే గాక, దానికి పట్టిన కలప ఎంతో, కట్టించినవారి స్తోమత ఏపాటిదో కూడా బోధపడేది. ఈ కొలతకు ఊరూరా ఒకే సంఖ్య లేకపోవడం లోపం కాదు. కొయ్య, రాయి ఎంత దూరం భరించగలవో ఆ హద్దునే కొలతగా స్వీకరించిన పద్ధతి అది.

ఏడాదికి సగటున 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే ఈ సీమలో నీటిని వెంటనే జార్చే ఏటవాలు కప్పు తప్పనిసరి కాలేదు. గోడల మీదా స్తంభాల మీదా దూలాలు ఎత్తి, వాటికి అడ్డంగా దంతెలనే సన్నపాటి కొయ్యలు పేర్చి, దంతెల మీద నాపబండలు పరచి, ఆపైన మట్టి వేసి, చివరగా నీటిని లోపలికి దిగనివ్వని చవుడు పోస్తే మిద్దె సిద్ధమయ్యేది. అందువల్ల దూలం పొడవు ఇంటి వెడల్పునూ, దంతె పొడవు అంకణాన్నీ, బండ పొడవు దంతెకూ దంతెకూ మధ్య ఎడాన్నీ నిర్ణయించేవి.

ఆ బండ ఈ నేల ఇచ్చినదే. విలియం కింగ్ 1872లో వెలువరించిన గ్రంథంలో వర్ణించిన కడప, కర్నూలు శిలల్లో నార్జి సున్నపురాయి ఒకటి. పూర్వం లోతు తక్కువ సముద్రంలో పొర మీద పొరగా పేరుకున్నందువల్ల అది పొరల వెంబడే చీలుతుంది, కనుకనే బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల గనుల్లో గునపంతో, ఉలితో చదునైన పలకలు తీయగలిగారు. అయితే రాయి ఒత్తిడిని తట్టుకున్నంతగా వంపును తట్టుకోలేదు. మందం మారకుండా బండ పొడవు రెట్టింపయితే దాని సొంత బరువు వల్ల కలిగే వంపు ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఈ సూత్రాన్ని లెక్కగా రాసుకోకపోయినా, పనివారు దంతెలను దగ్గర దగ్గరగా వేసి దానిని ఆచరణలో పాటించారు.

చేతి కొలతలు ఈ పనికి తోడయ్యాయి. జాన రెట్టిస్తే మూర, రెండు మూరలు గజం, నాలుగు మూరలు బార; శిల్పశాస్త్ర గ్రంథమైన మయమతం ఎనిమిది యవల గింజల వెడల్పును అంగుళంగా, ఇరవై నాలుగు అంగుళాలను హస్తంగా, అంటే మూరగా, పేర్కొంటుంది. మనిషికొక తీరుగా మారే మూరతో కోసిన దూలం మరొకరి కొలతకు పొట్టిదయ్యే ప్రమాదం ఉంది గనుక, ఒక ఇంటి పని మొదలు నుంచి చివరి దాకా ఒకే కొలకర్రతో సాగడం అవసరం.

భూమి కొలతకు స్థిరమైన ప్రమాణం వేరే దారిలో వచ్చింది. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన జిల్లాల్లో థామస్ మన్రో 1802లో మొదలుపెట్టిన సర్వే 33 అడుగుల గొలుసుతో సాగింది; ఆ గొలుసు భుజంగా గల చతురస్రం 1,089 చదరపు అడుగులు, అంటే సరిగ్గా ఎకరంలో నలభయ్యో వంతు, ఇప్పుడు గుంట అని పిలిచే విస్తీర్ణం. కాలక్రమంలో అంకణం కూడా దూలాలను విడిచి స్థలపు కొలతగా స్థిరపడి, నెల్లూరు వైపు 72, తిరుపతి వైపు 36 చదరపు అడుగులయింది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం మీటరును దేశమంతటికీ ప్రమాణం చేసినప్పటికీ, నాపబండల బేరం నేటికీ అడుగుల్లోనే నడుస్తోంది.

సామగ్రిని అడగకుండా విస్తీర్ణాన్ని మాత్రమే నమ్మితే ఇప్పటికీ లెక్క తప్పుతుంది. తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదికి రెండడుగుల చదరపు బండలు పరచాలంటే, 114 చదరపు అడుగులను నాలుగుతో భాగించి 29 బండలు చాలునని అనిపిస్తుంది. కాని వెడల్పులో నాలుగు నిండు బండలు పోగా మిగిలే ఒకటిన్నర అడుగుల పట్టీకి ఆరు బండలను కోయవలసి రావడంతో మొత్తం 30 కావాలి, పగుళ్లకు మరికొన్ని ఉంచుకోవాలి. కోతలో మిగిలిన అరడుగు ముక్కలు గోడ అడుగున పట్టీగా పనికివస్తాయి. పాత ఇళ్లలో గోడలు సమాంతరంగా లేకపోవచ్చు గనుక గదిని రెండు మూడు చోట్ల కొలిచి, మూలలను మూలమట్టంతో సరిచూడటం మేలు.

పాత మిద్దెలో విరిగిన బండను మార్చేటప్పుడు ఈ జాగ్రత్త మరింత ముఖ్యం: దంతెల నడుమ ఉన్న సందు పొడవొక్కటే బండ పొడవు కాదు, రెండు కొసలా దంతెల మీద ఆనే భాగాన్ని కూడా దానికి కలపాలి, ఆ సందు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కాంక్రీటు కప్పులు వచ్చాక మిద్దెలు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. కూల్చే ముందు దూలం, దంతె, బండల పొడవులనూ వాటి ఎడాలనూ కొలిచి రాసి ఉంచితే, ఈ నేల రాయి, నల్లమల కలప కలిసి ఎంత దూరం మోయగలిగాయో తరువాతి తరానికి తెలుస్తుంది. అంకణానికి అసలైన నిఘంటువు ఆ కప్పులే.