చెవికీ లైసెన్సే

ముషైరిబ్ అంటే అరబ్బీలో నీళ్లు తాగే చోటు. ఇప్పుడక్కడ దోహా మెట్రో ఎరుపు, ఆకుపచ్చ, బంగారు లైన్లు మూడూ కలిసే స్టేషన్ ఉంది. పైకి వస్తే దగ్గర్లోనే కహ్రబా వీధి. కహ్రబా అంటే కరెంటు. దోహాలో మొదట కరెంటు దీపాలు వెలిగింది ఆ వీధిలోనే కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే సముద్రపు ఒడ్డున కార్నీష్. డిసెంబర్ 18న, ఖతర్ జాతీయ దినోత్సవం నాడు, ఒడ్డు వెంట యుద్ధ విమానాలు బారు తీరి పోతుంటే చూడ్డానికి కూడే జనంలో జగిత్యాల వాళ్లుంటారు, నిజామాబాద్ వాళ్లుంటారు, కడప వాళ్లుంటారు. అందరి ఫోన్లూ ఆకాశం వైపే. చూడొద్దని ఎవరూ అనరు. ఆ విమానంలో కూర్చున్న మనిషి ఏం మాట్లాడుతున్నాడో విందామంటే మాత్రం లైసెన్సు సంగతి ముందుకొస్తుంది.

వినేవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో ఫార్న్‌బరోకో, అమెరికాలో ఆష్‌కాష్‌కో ఎయిర్ షో చూడ్డానికి వెళ్తే, మెడలో బైనాక్యులర్స్, చెవిలో ఇయర్‌ఫోన్, జేబులో అరచేతి పొడవు స్కానర్‌తో తిరిగేవాళ్లు కనిపిస్తారు. బ్రిటన్ వాయుసేన విన్యాస జట్టు రెడ్ ఆరోస్ నాయకుడు 'స్మోక్ ఆన్, గో' అన్న క్షణానికే రంగుల పొగ ఎలా చిమ్ముకొస్తుందో వాళ్లకి కళ్ల కంటే ముందు చెవికి తెలుస్తుంది. 1946లో పుట్టిన అమెరికా నౌకాదళ జట్టు బ్లూ ఏంజెల్స్‌లో నాయకుడి ఆజ్ఞలకు ఒక లయ ఉంటుంది, దాదాపు రాగం తీసినట్టే. ఎగరడానికి ముందు పైలట్లంతా బల్ల చుట్టూ కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ లయకు చేతులు కదుపుతూ ప్రదర్శన మొత్తం ఒకసారి నడిపేస్తారు. కోలాటంలో గురువు కేక వేస్తే జట్టంతా అడుగు మార్చినట్టే ఇదీ. ఇక్కడ అడుగు తప్పితే తగిలేది కోలలు కాదు, రెక్కలు.

ఈ మాటలు వెళ్లే దారి 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. సైనిక విమానాలకు 225 నుంచి 400 దాకా ఇంకో దారి కూడా ఉంది. ఎఫ్‌ఎం పాటలు ఆగిపోయే 108కి పక్కనే విమానాల రాజ్యం మొదలవుతుందన్న మాట. కాకపోతే అక్కడ వాడేది ఎఫ్‌ఎం కాదు, పాతకాలపు ఏఎం. కారణం ఉంది. ఎఫ్‌ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలమైన గొంతు బలహీనమైనదాన్ని మింగేస్తుంది, రెండోవాడు మాట్లాడాడన్న సంగతే తెలియదు. ఏఎంలో ఇద్దరూ కలిస్తే కీచుమని ఈల వస్తుంది. ఆ ఈల వినగానే ఎవరో అడ్డొచ్చారని టవర్‌లో వాళ్లకు అర్థమై, మళ్లీ చెప్పమంటారు.

స్కానర్ మీద స్క్వెల్చ్ అనే చిన్న మర ఉంటుంది. ఎడమకి తిప్పితే పొయ్యి మీద పోపు వేగినట్టు ఒకటే చిటపట. నెమ్మదిగా కుడికి తిప్పుతూ పోతే ఒక చోట చప్పుడు టక్కున తెగి మౌనం పడుతుంది. అక్కడ ఆపాలి. ఇక ఎవరైనా మాట్లాడితేనే స్పీకర్ నోరు తెరుస్తుంది. ఇంకాస్త తిప్పితే దూరపు గొంతులు కూడా మూసుకుపోతాయి. ఈ సరదాలో సగం పనితనం ఆ వెంట్రుకవాసి తేడాలోనే ఉంది.

చట్టం సంగతికొస్తే, అమెరికాలో విమాన సంభాషణలు వినడం నేరం కాదు. 1986 నాటి చట్టం వాటిని ప్రత్యేకంగా మినహాయించింది. బ్రిటన్‌లో చట్ట ప్రకారం అది తప్పే, అయినా ఎయిర్ షో మైదానంలోనే దుకాణాలు పెట్టి స్కానర్లు అమ్ముతారు. చట్టాన్ని మర్యాదగా చూడనట్టు నటించడం ఇంగ్లీషువాళ్లకు కొత్త కాదు.

అదే ఇంగ్లీషువాళ్లు 1933లో మనకు రాసిపెట్టిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టంలో ఆ సడలింపు లేదు. వినే పెట్టె దగ్గరుంటే చాలు, లైసెన్సు ఉండాలి. అప్పట్లో మామూలు రేడియోకి కూడా అంతే. ఏటా పోస్టాఫీసుకెళ్లి చిన్న పుస్తకంలో స్టాంపు అంటించుకుని, దాని మీద ముద్ర కొట్టించుకుంటే తప్ప ప్రాంతీయ వార్తలు వినే హక్కు ఉండేది కాదు. 1980లలో ఆ లైసెన్సు రద్దయి రేడియోకి స్వేచ్ఛ వచ్చింది. విమానాల దారి మాత్రం కంచె లోపలే ఉండిపోయింది.

కంచెకు చిల్లులు లేకపోలేదు. చవకబారు ఎఫ్‌ఎం రేడియోల్లో ఒక లోపం ఉంది: ముల్లు పెట్టిన చోటుకి సరిగ్గా 21.4 మెగాహెర్ట్జ్ పైనున్న స్టేషన్ కూడా లోపలికి దూరగలదు. ముల్లు 100 దగ్గరుంటే 121.4 మీది గొంతు వచ్చి పడొచ్చు. విమానాశ్రయం గోడ పక్కన ఇల్లున్నవాళ్లకి పాట మధ్యలో ముక్కుతో మాట్లాడే పైలట్ గొంతు తగిలితే అది దయ్యమూ కాదు, గూఢచారీ కాదు.

హైదరాబాద్‌లో ఆ గోడ బేగంపేటది. నిజాం కాలంలో ఏరో క్లబ్, 1945లో మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్, తర్వాత ఇండియన్ ఎయిర్‌లైన్స్, అన్నీ ఆ రన్‌వే చూసింది. 2008 మార్చి 23న శంషాబాద్ తెరుచుకుంది, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. అదే ఏడు అక్టోబరులో అక్కడ మొదటి ఇండియా ఏవియేషన్ ప్రదర్శన జరిగింది. అదే తర్వాత వింగ్స్ ఇండియాగా పేరు మార్చుకుంది. మన వాయుసేన విన్యాస జట్టు సారంగ్ హెలికాప్టర్లు వస్తే బేగంపేట, బోయిన్‌పల్లి, రసూల్‌పురా మేడలన్నీ ఉచిత గ్యాలరీలే. 1996లో బీదర్‌లో పుట్టిన సూర్యకిరణ్ జట్టు కూడా ఈ ప్రాంతానికి పొరుగు బిడ్డే.

అదే ప్రదర్శనలో 2010 మార్చి 3న నౌకాదళం సాగర్ పవన్ జట్టులోని కిరణ్ విమానం విన్యాసం మధ్యలో న్యూ బోయిన్‌పల్లిలో ఓ ఇంటి మీద కూలింది. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ చనిపోయారు. ఎయిర్ షో మైదానాల్లో 'నాక్ ఇట్ ఆఫ్' అనే మాట రేడియోలో వినపడితే ప్రదర్శన అక్కడికక్కడే ఆపాలి. మైదానంలో కూర్చున్నవాళ్లకి అలాంటి మాటలేవీ చేరవు. వాళ్లకి లౌడ్‌స్పీకర్లో వ్యాఖ్యాత గొంతే ఆధారం.

ఖతర్ కథ మరో రకం. చాలా ఏళ్లు ఆ దేశం చుట్టూ ఆకాశం బహ్రెయిన్ చేతిలో ఉండేది. దోహాలో లేచిన విమానం కొద్దిసేపట్లోనే బహ్రెయిన్ కంట్రోలర్‌కు నమస్కారం పెట్టాలి. 2017 జూన్‌లో పొరుగు దేశాలు ఖతర్‌కు ఆకాశ దారులు మూసేసినప్పుడు దీని బాధ పూర్తిగా తెలిసొచ్చింది. 2022 సెప్టెంబర్ 8న దోహాకు సొంత ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ రీజియన్, అంటే తానే అజమాయిషీ చేసే ఆకాశం, అమల్లోకి వచ్చాక అదే ఆకాశంలో పలికే పేరు మారింది. పటంలో గీత మారిన సంగతి రేడియోలో గొంతుగా వినపడింది.

అదే ఖతర్ రేడియో సరదా ఉన్నవాళ్లకి మాత్రం ఓ పెద్ద తలుపు తీసింది. మాజీ ఉప ప్రధాని అబ్దుల్లా బిన్ హమద్ అల్ అతియ్యా స్వయంగా హామ్, అంటే లైసెన్సుతో సరదాగా రేడియో నడిపే మనిషి, ఆయన పిలుపు గుర్తు ఏ71ఏయూ. 2018 నవంబర్ 15న ఎగిరిన ఎస్‌హైల్-2 ఉపగ్రహంలో హామ్‌ల కోసం ప్రత్యేక పరికరం పెట్టించారు. భూస్థిర కక్ష్యలో అలాంటిది అదే మొదటిది. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా దాని నీడ పడుతుంది. 2012 ప్రాంతంలో బొటనవేలంత టీవీ డాంగిల్‌ని రేడియోగా మార్చొచ్చని కనుక్కున్నారు. విమానాల దారిని పట్టే ఆ డాంగిల్‌కే మామూలు డిష్ తగిలిస్తే, ఉపగ్రహం 10,489 మెగాహెర్ట్జ్ మీద పంపే మాట 739కి దిగి దానికి అందుతుంది. హైదరాబాద్ మేడ మీంచి ఆ డిష్‌ని పడమరకి తిప్పి, కొద్దిగా దక్షిణానికి జరిపి, నేల నుంచి 27, 28 డిగ్రీలు ఎత్తాలి.